తల దెబ్బలు నేర్పిన ఆట నిబంధనలు

ఆటల నిబంధనలు ఊరకే మారవు. పెక్కు మార్పుల వెనుక ఎవరికో తగిలిన దెబ్బ ఉండును. క్రికెట్టులో తలకు తగిలిన దెబ్బల చరిత్రను పరిశీలించినచో ఈ సంగతి స్పష్టమగును. దెబ్బ తిన్నవాడు ఆడవలెనా, మానవలెనా అను నిర్ణయము ఆటగాని చేతినుండి వైద్యుని చేతికి వచ్చుటకు ఎన్ని ఏండ్లు పట్టినదో కూడ తెలియును.

నాగపూరులోని తెలుగు కుటుంబమున 1895లో జన్మించిన సి. కె. నాయుడు 1932లో భారత జట్టునకు మొదటి టెస్టు నాయకుడు. ఆంధ్ర జట్టు 1953-54లో తొలిసారి రంజీ పోటీలలో దిగినప్పుడును ఆయనయే నాయకుడు. యాభై ఏండ్లు దాటిన వయస్సులో ఒక రంజీ ఆటలో ఫడ్కర్ విసరిన బంతి తగిలి ఆయన పళ్లు ఊడినవనియు, వాటిని పక్కకు నెట్టి, వేగము తగ్గింపవలదని ఫడ్కరుతో చెప్పి ఆడెననియు నేటికిని చెప్పుకొందురు. ఆ కాలమున ధైర్యమనగా అదియే.

బంతి ఎంత ప్రమాదకరమో లెక్క చూతము. బంతి బరువు సుమారు 160 గ్రాములు. గంటకు 140 కిలోమీటర్ల వేగముతో వచ్చు బంతికి ఉండు గతిజశక్తి సుమారు 120 జౌళ్లు. వేగము సగమైనచో శక్తి సగము కాదు, నాల్గవ వంతగును. ఏలనన గతిజశక్తి వేగము యొక్క వర్గమును అనుసరించి యుండును.

1932-33లో ఇంగ్లండు బౌలర్లు ఆస్ట్రేలియా ఆటగాండ్ర శరీరములకు గురిపెట్టి బంతులు వేసిరి. 1933 జనవరిలో అడిలైడు నగరమున లార్వుడ్ వేసిన బంతి తగిలి ఓల్డ్‌ఫీల్డ్ పుర్రె చిట్లినది. తీవ్ర వివాదము తరువాత 1935లో ఇట్టి బౌలింగును అంపైరు ఆపుటకు నిబంధన వచ్చినది. అయినను ప్రమాదము తొలగలేదు. 1962 మార్చిలో బార్బడోసునందు గ్రిఫిత్ వేసిన బంతికి భారత నాయకుడు నారీ కాంట్రాక్టరు పుర్రె పగిలినది. వెస్టిండీస్ నాయకుడు వోరెల్ రక్తదానము చేసెను. కాంట్రాక్టరు బ్రదికెను గాని మరల టెస్టు ఆడలేదు.

1977లో డెనిస్ ఏమిస్ మొదలగువారు హెల్మెట్లు ధరింప నారంభించిరి. 1991లో ఒక ఓవరులో ఒక బ్యాటుదారునకు ఒక బౌన్సరు మాత్రమే వేయవలెనని నియమమేర్పడినది. 1994లో దానిని ఓవరునకు రెండుగా మార్చిరి. 1998లో ఢాకాలో హెల్మెట్టు లేక దగ్గరగా ఫీల్డింగు చేయుచున్న రమణ్ లాంబా తలకు బంతి తగిలి మరణించెను. 2014 నవంబరులో ఫిలిప్ హ్యూస్ హెల్మెట్టు ధరించియే యుండెను. బంతి దాని క్రింద మెడకు తగిలి ప్రాణము తీసినది. అటుపిమ్మట మెడకు కూడ రక్షణ అమర్చిరి.

హెల్మెట్టు పుర్రెను కాపాడును. కాని మెదడు పుర్రెలోపల ద్రవములో తేలుచుండును. తల ఒక్కసారిగా కదలినచో మెదడును కుదుపునకు లోనగును. దీనిని కంకషన్ అందురు. ఎముక విరుగదు, రక్తము కారదు. తలతిరుగుట, మరపు, వాంతి కొన్ని గంటల తరువాతనైనను కనబడవచ్చును.

అమెరికా ఫుట్‌బాలులో ఆట ప్రారంభమున బంతిని దూరముగా తన్ని, ఇరుపక్షములవారు ఎదురెదురుగా పరుగెత్తి ఢీకొందురు. 2015లో అచటి ఐవీ లీగు కళాశాలల ఆటలలో ఈ తన్నులు నూటికి 6 వంతులే. కంకషన్లలో మాత్రము వాటి వాటా నూటికి 21 వంతులు. 2016లో తన్ను స్థానమును 5 గజములు ముందుకు జరిపిరి. బంతి తరచుగా మైదానపు చివరకు పోయి ఎదురు పరుగులు తగ్గినవి. వేయి తన్నులకు సుమారు 11గా ఉన్న కంకషన్లు 2కు దిగినవి. 2024లో అచటి వృత్తి ఆటగాండ్ర లీగు కూడ ఇరుపక్షములను దగ్గరగా నిలిపి, పరుగు దూరమును తగ్గించినది.

క్రికెట్టులో వేరొక చిక్కు ఉండెను. గాయపడినవాడు తప్పుకొన్నచో అతని బదులు బ్యాటు చేయుటకు గాని, బౌలింగు చేయుటకు గాని మరొకరికి వీలులేకుండెను. గావున దెబ్బ దాచుటయే జట్టునకు లాభముగా ఉండెను. 2019 ఆగస్టు 1 నుండి అంతర్జాతీయ పోటీలలో కంకషన్ తగిలినవాని బదులు మరొకరు పూర్తిగా ఆడవచ్చునని నిబంధన వచ్చినది. ఆ నెలలోనే లార్డ్స్ మైదానమున ఆర్చరు బంతి తగిలిన స్మిత్ అదే దినము మరల బ్యాటు పట్టెను. మరునాడు లక్షణములు బయటపడగా అతని బదులు లబుషేన్ దిగెను. 2020 డిసెంబరులో సిడ్నీలో బుమ్రా కొట్టిన బంతి బౌలరు గ్రీన్ తలకు తగిలినప్పుడు, ఎదుటి కొననున్న హైదరాబాదు యువకుడు సిరాజ్ పరుగు మాట మరచి, బ్యాటు పారవేసి, అతనికడకు పరుగెత్తెను. ఇదియు ధైర్యమే.

మినుము తీసిన తరువాత గూడూరు, బందరు ప్రాంతపు చేలలో బాలురు గట్టిబంతితో ఆడుచుందురు. అచట అంపైరు లేడు, వైద్యుడు లేడు. తలకు దెబ్బ తగిలి తూలుచున్న బాలుని, "బాగున్నావా?" యని అడిగినచో బాగున్నాననియే చెప్పును; కుదుపు తిన్న మెదడు తన స్థితిని తాను కొలువజాలదు. అతనిని ఆ దినము ఆటనుండి తప్పించి వైద్యునికి చూపవలెను. ఒంటరిగా ఇంటికి పంపరాదు. ఈ నిబంధనను పాఠశాలలో అమలుపరచుటకు కావలసినది ఉపాధ్యాయుని మాట ఒక్కటియే.