హీబ్రూ కావ్య, జ్ఞాన గ్రంథాలు: అధ్యయనానికి ఒక ప్రవేశిక

యూదులు తమ హీబ్రూ లేఖనాలను ధర్మశాస్త్రము (తోరా), ప్రవక్తలు (నెవీయీమ్), రచనలు (కెతువీమ్) అని మూడు భాగాలుగా విభజించుకున్నారు. యోబు, కీర్తనలు, సామెతలు, ప్రసంగి, పరమగీతము అనే ఐదు గ్రంథాలు మూడవ భాగానికి చెందినవి. ప్రొటెస్టెంటు క్రైస్తవుల పాత నిబంధనలో ఇవి చరిత్ర గ్రంథాలకూ ప్రవక్తల గ్రంథాలకూ నడుమ ఒకే వరుసలో ఉన్నవి. వీటిని కథలవలె, చట్టాలవలె చదివినచో భావం చెడుతుంది. వీటికి ప్రత్యేకమైన పఠన పద్ధతి కలదు.

పద్య లక్షణం

తెలుగు పద్యానికి గణాలు, యతి, ప్రాస ఆధారం. హీబ్రూ పద్యానికి ప్రధాన ఆధారం భావాల జంట. మొదటి పాదంలో చెప్పిన భావాన్ని రెండవ పాదం అందుకొని ముందుకు నడిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబర్ట్ లౌత్ 1753లో ప్రచురించిన లాటిన్ ఉపన్యాసాలలో దీనికి సమాంతరత అని పేరు పెట్టి, మూడు రకాలుగా విభజించాడు. రెండవ పాదం అదే భావాన్ని వేరే మాటలతో చెప్పడం మొదటిది. దానికి విరుద్ధ భావాన్ని చెప్పడం రెండవది. భావాన్ని పొడిగించి పూర్తి చేయడం మూడవది. రెండవ పాదం కేవలం పునరుక్తి కాదనీ, భావానికి తీవ్రతను పెంచుతుందనీ 1980ల నాటి పండితులు వివరించారు.

ఈ సమాంతరత అర్థానికి సంబంధించినది గనుక అనువాదంలోనూ చాలావరకు నిలుస్తుంది. నిలవనిది అక్షరక్రమ రచన. 119వ కీర్తనలోని 176 వచనాలు హీబ్రూ వర్ణమాలలోని 22 అక్షరాలకు ఒక్కొక్కదానికి ఎనిమిది చొప్పున కూర్చబడినవి. సామెతలు 31వ అధ్యాయం చివర గుణవతియైన భార్యను గూర్చిన 22 వచనాలూ అదే క్రమంలో సాగుతాయి.

గ్రంథాల స్వభావం

కీర్తనలు 150. ఇవి ఐదు సంపుటాలుగా అమరి ఉన్నవి. స్తుతి, కృతజ్ఞత, విలాపం, రాజకీర్తన, యాత్రాగీతం వంటి భేదాలు వీటిలో ఉన్నవి. చదవబోయే కీర్తన ఏ జాతికి చెందినదో ముందుగా గుర్తించవలెను.

జ్ఞానమునకు హీబ్రూ మాట హొఖ్మా. నేర్పరియైన శిల్పి చేతి పనితనానికి కూడా ఇదే మాట వాడబడినది. కనుక ఈ గ్రంథాలలో జ్ఞానమంటే జీవించే నేర్పు. సామెతలు 22వ అధ్యాయం 17వ వచనం నుండి సాగే భాగానికీ, ఈజిప్టుకు చెందిన అమెనెమోపే ఉపదేశానికీ దగ్గరి పోలికలు ఉన్నట్లు 1920లలో వెల్లడైనది. ఇరుగుపొరుగు జాతుల నడుమ నీతివాక్యాలు ఎల్లలు దాటి తిరిగేవని దీనివలన తెలుస్తున్నది. సరిహద్దున నివసించే మనకు ఇది వింతగా తోచదు.

సామెత సాధారణ అనుభవాన్ని చెబుతుంది; ప్రతి సందర్భానికీ హామీ ఇవ్వదు. మూఢునికి బదులు చెప్పరాదనే సామెత, చెప్పవలెననే సామెత 26వ అధ్యాయంలో పక్కపక్కనే ఉన్నవి. సమయం ఎరిగి దేనిని వాడవలెనో తెలుసుకొనుటే జ్ఞానం. నీతిమంతునికి మేలు కలుగుననే సాధారణ సూత్రాన్ని యోబు, ప్రసంగి గ్రంథాలు నిలదీస్తాయి. ఎనిమిది అధ్యాయాల పరమగీతము ప్రేమగీతాల కూర్పు.

మాట్లాడుతున్నది ఎవరు?

యోబు గ్రంథం 42 అధ్యాయాలు. ఆద్యంతాలు వచనం, నడుమ పద్యం. కష్టాలపాలైన యోబుతో ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే మిత్రులు వాదిస్తారు. అతని బాధకు అతని పాపమే కారణమన్నది వారి వాదసారం. చివరి అధ్యాయంలో దేవుడు, ఆ ముగ్గురూ తనను గూర్చి యుక్తముగా పలుకలేదని మందలిస్తాడు.

అయినను వారి పలుకులు వినసొంపుగా ఉన్నందున వాటిని విడిగా తీసి ఉదహరించే అలవాటు ఏర్పడింది. బిడ్డను పోగొట్టుకున్న ఇంట, పంట నష్టపోయిన ఇంట అట్టి వాక్యం చదివినచో, ఓదార్చబోయి నేరం మోపినట్లవుతుంది. కనుక వాక్యాన్ని ఎత్తే ముందు దానిని పలికినవారు ఎవరో, గ్రంథం చివర వారిని గూర్చి ఏమి చెప్పబడినదో చూచుకొనవలెను.

రెండు భాషల ఇంట

పెద్దలు తెలుగులోనూ, పిల్లలు బడి వలన కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ భాషలలోనూ చదివే కుటుంబాలకు ఒక సౌకర్యం కలదు. ఒకే అధ్యాయాన్ని రెండు ప్రతులలో పక్కపక్కన చదివి, మాట తేడా వచ్చినచోట ఆగవలెను. ఉదాహరణకు ప్రసంగిలో పదేపదే వచ్చే హెవెల్ అనే హీబ్రూ మాటకు మూలార్థం ఊపిరి, ఆవిరి. తెలుగులో దీనిని వ్యర్థము అన్నారు. ఆవిరి పనికిరానిదనే కాదు, పట్టుకొనబోతే చేతికి చిక్కనిది కూడా. ఈ అర్థం తెలిసిన పిమ్మట ఆ గ్రంథాన్ని మొదటినుండి మరల చదివిన, నిరాశగా తోచిన వాక్యాలు వేరుగా వినిపించును.