లాయం తెచ్చిన జబ్బు: గుర్రం కడుపు పుండు చరిత్ర

గుర్రం ఒళ్ళు పెద్దది, కడుపు చిన్నది. 500 కిలోలు తూగే గుర్రం జీర్ణాశయంలో పట్టేది 8 నుంచి 15 లీటర్లే. పచ్చిక బయళ్ళలో రోజుకు 16 గంటలు కొంచెం కొంచెంగా మేస్తూ తిరిగే బతుక్కి తగ్గట్టు ఏర్పడిన కడుపు అది. మేత పడినా పడకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లం ఘాటును తగ్గించే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. అంటే మేత ఆగిన ప్రతి గంటా కడుపుకు కష్టకాలమే. ఇంత సూటి సంగతి పశువైద్యానికి తేటతెల్లం కావడానికి 20వ శతాబ్దం చివరి దాకా పట్టింది. ఆ ఆలస్యం వెనుక ఉన్న కథ ముసలి గుర్రాలను సాకేవాళ్ళకు ఈనాటికీ పనికొస్తుంది.

పాత గ్రంథాలు ఏం చూశాయి?

గుర్రాల గురించి రాసిన ప్రాచీనులకు కడుపులోపలి పుండు కనబడే దారి లేదు. వాళ్ళు పైకి తెలిసే గుర్తులనే పట్టుకున్నారు. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు రచయిత జెనొఫోన్ తన అశ్వశిక్షణ గ్రంథంలో లాయాన్ని యజమాని కళ్ళెదుట ఉంచుకోమన్నాడు. గుర్రం దాణాను చిమ్మేస్తుంటే దాని ఒంట్లో ఏదో తేడా ఉన్నట్టేననీ, అలసట గానీ బార్లీ ఎక్కువ కావడం గానీ కారణం కావచ్చుననీ హెచ్చరించాడు. ఆకలి మందగించడాన్ని మొదటి గుర్తుగా తీసుకోవడం నేటి పశువైద్యులు కూడా చేసే పనే.

మన దేశంలో అశ్వవైద్యానికి శాలిహోత్రుణ్ణి మూలపురుషుడిగా చెబుతారు. నకులుడి పేరున్న అశ్వచికిత్స, జయదత్తుడి అశ్వవైద్యకం ఆ సంప్రదాయంలోవే. కౌటిల్యుడి అర్థశాస్త్రం అశ్వాధ్యక్షుడికి ఒక అధ్యాయమే కేటాయించి, గుర్రానికి ధాన్యం, పప్పు, కొవ్వు, ఉప్పు, గడ్డి ఎంతెంత పెట్టాలో లెక్క కట్టింది. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ విలాసం రాశాడు. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. సముద్రం దాటి వచ్చిన ఆ గుర్రాలకు దక్కనులో దొరికిన ముఖ్యమైన దాణా ఉడికించిన ఉలవలు.

యుద్ధానికీ బండికీ గుర్రం కావాలి గనక దాన్ని లాయంలో కట్టేశారు. పని ఎక్కువ, మేసే తీరిక తక్కువ. తక్కువసేపట్లో ఎక్కువ బలం అందాలంటే గింజధాన్యం పెట్టాలి. అలా రోజంతా సాగే మేత రెండు మూడు పూటల దాణాగా కుదించుకుపోయింది. గుర్రం కడుపుకు ఆపద అక్కడే మొదలైందని ఇప్పుడు చెప్పగలం. అప్పటివాళ్ళకు కనిపించింది శూల ఒక్కటే. దానికి వంద కారణాలుంటాయి. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు కాబట్టి కడుపులో ఏముందో బయటపడే అవకాశమూ లేదు.

పురుగు మీద పడిన నింద

1762లో ఫ్రాన్సులోని లియోన్‌లో క్లాడ్ బూర్జెలా స్థాపించిన పశువైద్య కళాశాల తెరుచుకుంది. 1791లో లండన్‌లో మరొకటి వచ్చింది. చచ్చిన గుర్రాలను కోసి చూడడం చదువులో భాగమైంది. అలా చూసినప్పుడు జీర్ణాశయం గోడను కరుచుకుని గుంపులు గుంపులుగా వేలాడే ఈగ లార్వాలు కనిపించేవి. గుర్రం కాళ్ళ వెంట్రుకల మీద ఒక జాతి ఈగ పెట్టిన గుడ్లు నాలుకకు అంటుకుని కడుపులోకి చేరి లార్వాలవుతాయి. బ్రేసీ క్లార్క్ అనే ఇంగ్లీషు పశువైద్యుడు 1797లోనే వీటి జీవితచక్రాన్ని వివరించాడు. పురుగు కంటికి కనబడుతుంది, అది కరుచుకున్నచోట గుంట కూడా ఉంటుంది. కాబట్టి కడుపులో దెబ్బ కనిపిస్తే ముందుగా పురుగునే అనుమానించారు. ఆమ్లం మీదికి చూపు వెళ్ళలేదు.

ఆమ్లం సంగతి మనిషి వైద్యంలో తేలింది. 1822లో తుపాకి దెబ్బకు కడుపుకు రంధ్రం పడ్డ అలెక్సిస్ సెయింట్ మార్టిన్‌ను అమెరికా సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఏళ్ళ తరబడి పరిశీలించి జీర్ణరసం పనితీరును నమోదు చేశాడు. ఒత్తిడి సంగతి ఎలుకల్లో తేలింది. 1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే ఎలుకలను చలికీ గాయాలకూ మితిమీరిన శ్రమకూ గురిచేశాడు. ఏ బాధ పెట్టినా మూడు మార్పులు కలిసికట్టుగా వచ్చాయి: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ కుంచించుకుపోయింది, కడుపులో పుళ్ళు పడ్డాయి. ఒత్తిడికీ కడుపుకూ ఉన్న చుట్టరికానికి ప్రయోగశాల సాక్ష్యం అప్పుడు దొరికింది.

కడుపులోకి చూసిన కన్ను

గుర్రాల విషయంలో మొదట పిల్లల మీద దృష్టి పడింది. 1964లో జేమ్స్ రూనీ గుర్రప్పిల్లల కడుపు పుళ్ళ గురించి రాశాడు. పెద్ద గుర్రాల పరిస్థితి ఎంత తీవ్రమో 1986లో హాంకాంగ్ నుంచి వచ్చిన వ్యాసం చూపించింది. అక్కడ 195 థరోబ్రెడ్ జాతి పందెపు గుర్రాలను మరణానంతరం పరీక్షిస్తే 66 శాతానికి కడుపులో పుళ్ళున్నాయి. నేరుగా పందేల శిక్షణ నుంచి వచ్చినవాటిలో ఇది 80 శాతం, పందేలు మానేసినవాటిలో 52 శాతం. రెండో అంకెను గమనించాలి. పరుగు మానేసినంత మాత్రాన కడుపు బాగుపడిపోదు.

ఆ తర్వాత బతికున్న గుర్రం కడుపులోకే చూడగలిగారు. మనుషుల కోసం బాసిల్ హిర్షోవిట్స్ 1957లో రూపొందించిన గాజునార ఎండోస్కోపు గుర్రానికి పొట్టిది. జీర్ణాశయం దాకా పోవాలంటే సుమారు 3 మీటర్ల గొట్టం కావాలి. అది అందుబాటులోకి వచ్చాక వర్జీనియాలో మైకేల్ మర్రీ, ఆయన సహచరులు 1989లో 187 గుర్రాల కడుపులను పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. పైకి ఆరోగ్యంగా కనిపించే గుర్రాల్లోనూ పుళ్ళు బయటపడ్డాయి. ఖాళీ కడుపున ఉంచడం, మళ్ళీ మేపడం మార్చి మార్చి చేస్తే కొద్ది రోజుల్లోనే పుళ్ళు పుడతాయని మర్రీ 1996లో ప్రయోగంతో చూపాడు.

ఫ్లోరిడాలో ఆల్‌ఫ్రెడ్ మెరిట్ బృందం ఆమ్లం నిరంతరం ఊరే తీరును కొలిచింది. పరుగులో ఏం జరుగుతుందో 2002లో ట్రెడ్‌మిల్ మీద చూసింది. గుర్రం వేగం అందుకోగానే పొట్ట కండరాలు బిగిసి జీర్ణాశయం నొక్కుకుపోతుంది. అడుగునున్న ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. జీర్ణాశయం పైభాగపు పొర అన్నవాహిక పొరలాంటిదే, ఆమ్లాన్ని తట్టుకునే జిగురు దానికి ఉండదు. ఖాళీ కడుపుతో పరుగెత్తిన గుర్రానికి పైభాగంలో పుండు ఎందుకు పడుతుందో ఇక అడగనక్కర లేకపోయింది.

మందుల కాలం

ఆమ్లం ఊరడాన్ని తగ్గించే మందు సిమెటిడిన్ జేమ్స్ బ్లాక్ పరిశోధనతో పుట్టి 1976లో బ్రిటన్ మందుల దుకాణాల్లోకి వచ్చింది. తర్వాత రానిటిడిన్ వచ్చింది. రెండింటినీ గుర్రాలకు వాడి చూశారు, రోజుకు మూడు నాలుగు సార్లు వేయాల్సి రావడం పెద్ద ఇబ్బంది అయింది. స్వీడన్‌లో తయారై 1988లో విడుదలైన ఒమెప్రజోల్ ఆ ఇబ్బందిని తీర్చింది. దాని పేస్టు రూపాన్ని గుర్రాల కోసం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లో అనుమతించింది. కిలో బరువుకు 4 మిల్లీగ్రాముల చొప్పున రోజుకొకసారి, 28 రోజుల చికిత్స. అదే ఏడాది నిపుణుల మండలి ఒకటి పుళ్ళను 0 నుంచి 4 వరకు శ్రేణులుగా విభజించి, మొత్తం జబ్బుకు ఒకే పేరు పెట్టింది.

ఆ ఒకే పేరు తర్వాత చిక్కు తెచ్చింది. మందు వాడినప్పుడు పైభాగపు పుళ్ళు నాలుగింట మూడు మానుతుంటే, గ్రంథులున్న కింది భాగపు పుళ్ళు నాలుగింట ఒకటే మానుతున్నట్టు తేలింది. 2015లో యూరప్ నిపుణులు ఏకాభిప్రాయ పత్రం వెలువరించి ఇవి రెండు వేర్వేరు జబ్బులని స్పష్టం చేశారు. పైభాగానిది ఆమ్లం తగలరాని చోట తగలడం వల్ల వచ్చేది. కింది భాగం పొద్దస్తమానం ఆమ్లంలోనే మునిగి ఉంటుంది, దానికి రక్షణగా జిగురు పొర ఉంది. ఆ రక్షణ సడలినప్పుడే అక్కడ పుండు పడుతుంది. ఇప్పుడు కింది భాగపు పుళ్ళకు ఒమెప్రజోల్‌తో సుక్రాల్‌ఫేట్ కలపడమో, మిసోప్రొస్టాల్ ఇవ్వడమో చేస్తున్నారు. ఈ చివరిదాన్ని గర్భిణులు చేత్తో తాకకూడదు.

ఒత్తిడి మళ్ళీ తెరపైకి

1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ హెలికోబాక్టర్ బాక్టీరియాను కనిపెట్టాక మనిషి వైద్యంలో ఒత్తిడి సిద్ధాంతం పక్కకు జరిగింది. ఆ పనికి 2005లో నోబెల్ బహుమతి దక్కింది. గుర్రాల్లో మాత్రం అలాంటి బాక్టీరియా పాత్ర ఇప్పటికీ రుజువు కాలేదు. ఒత్తిడి పాత్రకే సాక్ష్యాలు పెరిగాయి. 2012లో డెన్మార్క్ పరిశోధకులు కింది భాగంలో పుళ్ళున్న గుర్రాలు కొత్త వస్తువును చూసినప్పుడు ఒత్తిడికి ఎక్కువగా లోనవుతున్నట్టు గమనించారు. 2017లో స్విస్ పరిశోధన కూడా అలాంటి గుర్రాల్లో అడ్రినల్ గ్రంథి ప్రతిస్పందన హెచ్చుగా ఉందని చూపింది. వారంలో ఐదు రోజులకు మించి పని చేయించడం, సాకే చేతులు తరచూ మారడం కూడా ప్రమాద కారణాల జాబితాలో చేరాయి.

కొయ్యను పళ్ళతో పట్టుకుని గాలి గుటక వేసే అలవాటును లాయాల్లో పొగరనో, చెడ్డ గుర్రం లక్షణమనో అనేవారు. 2002లో బ్రిటన్‌లో క్రిస్టీన్ నికోల్ బృందం ఆ అలవాటున్న గుర్రప్పిల్లల కడుపుల్లో పుళ్ళు ఎక్కువని కనుక్కుంది. ఆమ్లాన్ని తగ్గించే దాణాతో కడుపు బాగుపడింది. దురలవాటు అనుకున్నది బాధకు గుర్తు కావచ్చునన్నమాట. మెడకు పట్టీ బిగించి అలవాటు మాన్పించబోవడం అసలు జబ్బును వదిలేయడమే.

ముసలి గుర్రం దగ్గరికి వస్తే

పరిశోధనల్లో చాలా భాగం పందెపు గుర్రాల మీద జరిగింది. ఇరవై ఏళ్ళ గుర్రం సంగతి వేరు. పళ్ళు అరిగి గడ్డి సరిగా నమలలేదు, లాలాజలం తగ్గుతుంది. కీళ్ళ నొప్పికి 1950ల నుంచి వాడుకలో ఉన్న ఫినైల్‌బ్యూటజోన్ ఇస్తాం. కడుపు జిగురు పొరను కాపాడే ప్రొస్టాగ్లాండిన్ల తయారీని అలాంటి నొప్పి మందులు అడ్డుకుంటాయని జాన్ వేన్ 1971లో చూపాడు. మోతాదు మించిన ఫినైల్‌బ్యూటజోన్ గుర్రం కడుపుకూ పేగుకూ పుళ్ళు తెస్తుంది. వయసుతో వచ్చే పిట్యూటరీ గ్రంథి జబ్బులో గిట్టల వాపు వస్తే నొప్పి మందు మరింత పడుతుంది. ఆ జబ్బుకు ఇచ్చే పెర్గొలైడ్ కొన్ని గుర్రాల్లో ఆకలిని చంపుతుంది. ఏళ్ళ తరబడి పక్కనున్న జత గుర్రం పోయినా, లాయం మారినా అది మేత తగ్గించేస్తుంది. ఇవన్నీ కలిసి ఒకే కడుపు మీద పడతాయి.

అందుకే ముసలి గుర్రానికి పుండు మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంది. మందు ఆపగానే ఆమ్లం మునుపటికన్నా ఎక్కువగా ఊరవచ్చు కాబట్టి ఒమెప్రజోల్‌ను వైద్యుడి సలహాతో మెల్లగా తగ్గించాలి. అంతకన్నా ముఖ్యం మేపు. 2009లో డెన్మార్క్‌లో జరిగిన సర్వే దారి చూపింది: గడ్డికీ గడ్డికీ మధ్య 6 గంటలు దాటడం, రోజుకు కిలో బరువుకు 2 గ్రాములకు మించి పిండిపదార్థం పెట్టడం, తిరిగే చోట నీళ్ళు లేకపోవడం, మేతగా గింజ రాల్చిన పైరు గడ్డి ఒక్కటే వేయడం పుళ్ళను పెంచుతున్నాయి. లూసర్న్ గడ్డిలోని కాల్షియం, మాంసకృత్తులు ఆమ్లాన్ని కొంత అణుస్తాయని 2000లో అమెరికా ప్రయోగం తేల్చింది. నమలలేని గుర్రానికి దాన్ని నానబెట్టి పెట్టవచ్చు. స్వారీకి అరగంట ముందు కొంచెం గడ్డి పెడితే కడుపులో ఆమ్లం పైకి చిమ్మడం తగ్గుతుంది. వారానికి కనీసం రెండు రోజులు పని లేకుండా వదలాలి. మేత వేళ, సాకే మనిషి, పక్క గుర్రం ఎంత నిలకడగా ఉంటే అంత మేలు.

రెండు వేల ఏళ్ళుగా గుర్రానికి ఏం పెట్టాలో రాస్తూ వచ్చాం, ఎంతసేపు మేయనివ్వాలో పెద్దగా పట్టించుకోలేదు. గొట్టం వేసి చూశాక తేలింది ఆ లోటే. మందు పుండును మాన్పుతుంది, మళ్ళీ రాకుండా ఆపేది మేపే తీరే. మీ లాయంలో ముసలి గుర్రం దాణా వదిలేస్తున్నా, చిక్కిపోతున్నా, జీను బిగించినప్పుడు కరవబోతున్నా దాన్ని మొండితనం అనుకోకండి. పశువైద్యుడి చేత పళ్ళూ కడుపూ చూపించండి. రాత్రి పడుకునే ముందు గడ్డి వల ఖాళీగా ఉందేమో ఒకసారి చూసుకోండి.