నిజాం గారి పసుప్పచ్చ కారు

పాలమూరు ఎవరి పేరు మీద మహబూబ్‌నగర్ అయిందో, ఆ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ గారు ఓ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కి ఆర్డరిచ్చారు. పసుప్పచ్చ రంగు, వెనకాల సింహాసనం లాంటి సీటు! తీరా 1911లో ఆయన కాస్తా కన్నుమూశారు. 1912 నాటి ఆ బండి కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి దక్కింది. కొడుకు గారి పొదుపు సంగతి లోకానికి తెలిసిందే. బండి తిరిగింది తక్కువ, షెడ్డులో పడున్నది ఎక్కువ. బాగు చేయించాక ఇప్పుడది హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌లో కొలువుంది.

ఇలాంటిదానికి బీమా ఎంతకని చేస్తారు? మామూలు కారుకైతే ఏటేటా విలువ కోసేస్తారు. అయిదో ఏడు నిండేసరికి సగమే. ఆ లెక్కన నూరేళ్ళ బండికి పాత ఇనుము ధర కూడా రాదు! అందుకే అయిదేళ్ళు దాటితే కంపెనీవాళ్ళూ, సొంతదారూ మాట్లాడుకుని విలువ ఖాయం చేసుకుంటారు. నల్గొండ పల్లెలో టార్పాలిన్ కింద పడున్న తాతగారి ఫియట్‌కీ ఇదే దారి. కాకపోతే మరమ్మతు బిల్లులూ, ఫొటోలూ, వాల్యుయర్ కాగితమూ చేతిలో ఉండాలి.