ఇల్లు కదిలితే బడి బాధ్యత ఎవరిది?

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక రాశాడు. జిల్లాలో బడులెన్ని, చదివేదెవరు, ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు అని అంతకు ముందు ఏడాది గవర్నరు థామస్ మన్రో అడిగిన ప్రశ్నలకు అది జవాబు. అప్పటికే తెలుగు వ్యాకరణమూ నిఘంటువూ అచ్చువేయించినవాడు కాబట్టి క్యాంప్‌బెల్ అంకెలతో సరిపెట్టలేదు, బడి లోపల ఏం జరుగుతుందో కూడా చెప్పాడు. ఈనాటి అనంతపురం ప్రాంతమూ, ఆదోని, ఆలూరు, రాయదుర్గమూ అప్పుడు ఆ జిల్లాలోవే. బడిలో తల్లిదండ్రుల వాటా ఏమిటి, ఆ వాటా మోసే కుటుంబం ఊరు విడిచిపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నకు మన వైపు దొరికే పాత సాక్ష్యాల్లో ఇంత వివరంగా ఉన్నవి తక్కువ. అక్కడి నుంచి ఇవాళ్టి పాఠశాల కమిటీల దాకా చూసుకుంటూ వస్తే ఒక సంగతి తేలుతుంది. బడికి సంబంధించి తల్లిదండ్రులకు అప్పగించిన ప్రతి పనీ వాళ్లు ఊళ్లోనే ఉంటారన్న లెక్క మీద అప్పగించిందే. మారిన ఇంటి పనిని ఇంకొకరి చేతికి ఎలా అందించాలన్నది మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

క్యాంప్‌బెల్ చూసిన బడి పొద్దున్న ఆరింటికే మొదలయ్యేది. అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు వరసగా ఒక్కొక్కటి ఎక్కువ. అయిదో ఏట పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు అయ్యవారూ తోటి పిల్లలూ ఆ ఇంటికే వచ్చేవారు. వినాయకుడి ముందు కూర్చోబెట్టి, బియ్యంలో వేలు పట్టి అక్షరాలు దిద్దించేవారు. ఇంటివాళ్లు అయ్యవారికి తోచింది ఇచ్చుకునేవారు. అంటే బడి మొదలయ్యేదే తల్లిదండ్రుల గుమ్మంలో. ఆ తర్వాత నెలనెలా తాహతును బట్టి పావలా నుంచి అర్ధరూపాయి దాకా ముట్టజెప్పాలి. ప్రభుత్వం నుంచి చిల్లిగవ్వ లేదు. జిల్లాలోని 533 విద్యాలయాల్లో ఒక్కదానికీ సర్కారు సాయం లేదని, అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉందని కలెక్టరే రాశాడు.

ఈ 533 బడుల్లో చదివేవారు 6,641 మంది. సగటున బడికి పన్నెండు మంది. తలా పావలా, అర్ధరూపాయి చొప్పున వేసుకుంటే అయ్యవారి చేతికి నెలకు మూడు నుంచి ఆరు రూపాయలు. అందులో రెండిళ్లవాళ్లు బతుకుతెరువుకు పొరుగూరు పోయారంటే ఆరో వంతు రాబడి పోయినట్టే. మిగిలిన పదిళ్లూ ఆ లోటు పూడ్చాలి, లేదా అయ్యవారు ఇంకో ఊరు చూసుకోవాలి. ఇది కాగితం మీది లెక్కే కానీ, క్యాంప్‌బెల్ చెప్పిన కారణాలు దీనికి ఎంతో దూరంలో లేవు. సీమ గుడ్డలు వచ్చిపడి చేతిపనివాళ్ల సంపాదన పడిపోయిందని, పటాలాలు దూరపు సరిహద్దులకు తరలిపోవడంతో గింజలకు గిరాకీ తగ్గిందని, మధ్యతరగతీ కిందితరగతీ జనం చదువు ఖర్చు భరించలేకపోతున్నారని ఆయన రాశాడు. ఇదివరకు బడులున్న చాలా ఊళ్లలో ఇప్పుడు లేవని కూడా అన్నాడు. ఆయన చెప్పింది ప్రధానంగా పేదరికం గురించి, ఇళ్లు ఖాళీ కావడం గురించి కాదు. కాని కట్టేవాడికి శక్తి పోయినా, కట్టేవాడే పోయినా, పన్నెండు మంది పావలాల మీద నిలబడ్డ బడికి ఫలితం ఒకటే.

ఆ కాలపు ఊళ్లకు ఈ బలహీనత తెలియకపోలేదనడానికి దసరా మామూళ్ల ఆచారమే నిదర్శనం. నవరాత్రుల్లో అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని, వాళ్ల చేతుల్లో గిలకలూ బాణాలూ పెట్టి, పాట పాడిస్తూ వీధి వీధీ తిరిగేవారు. గృహస్థు అయ్యవారికి డబ్బిచ్చేవాడు, పిల్లలకు పప్పుబెల్లాలు పంచేవాడు. పాత జ్ఞాపకాలు రాసినవాళ్లంతా దీన్ని వేడుకగానే చెప్పారు. దాని ఆర్థికం చూసినవాళ్లు తక్కువ. నెల జీతం బడిలో పిల్లలున్న ఇళ్ల మీద పడేది, దసరా మామూలు మాత్రం ఊరంతా సర్దుకునేది. పిల్లల్లేని ఇల్లూ, పిల్లలు పెద్దవాళ్లయిపోయిన ఇల్లూ అందులో చెయ్యి కలిపేవి. ఒక కుటుంబం వెళ్లిపోయినా వీధి మిగిలే ఉంటుంది. బాధ్యతను మనిషికి కాక ఊరికి కట్టిపెట్టిన ఏర్పాటు అది.

ఊరు ఊరు అని మురిసిపోతున్నారే, అందులో ఎవరికి చోటుండేదని అడగవచ్చు. అడగాలి కూడా. ఆ 6,641 మందిలో హిందూ బాలికలు 60 మంది. వీధి నుంచి మామూలు పుచ్చుకున్న బడి వీధిలోని పిల్లలందరినీ చాప మీద కూర్చోనివ్వలేదు. కాబట్టి ఆ బడిని తిరిగి తెచ్చుకోవాలనడం తెలివితక్కువ. పనిని నలుగురి మీద పరిచిన పద్ధతి ఒక్కటే అందులోంచి తీసుకోదగ్గది. దానికి కులమూ అక్కర్లేదు, బెత్తమూ అక్కర్లేదు.

తర్వాతి కాలంలో 1871 నాటి స్థానిక నిధుల చట్టం, బోర్డు బడులు, పన్నులు వచ్చి ఖర్చు భారాన్ని తల్లిదండ్రుల నెత్తి మీంచి దించాయి. మంచిదే. దాంతోపాటు బడిలో వాళ్ల మాటా తగ్గింది. ఆ మాటను తిరిగి ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో సమాజ భాగస్వామ్య చట్టం తెచ్చారు. 2009 విద్యాహక్కు చట్టం దాన్ని దేశమంతటికీ చేసింది. దాని 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయివుండాలి, సగం మంది స్త్రీలు కావాలి. మన దగ్గర తరగతికి ముగ్గురి చొప్పున ఎన్నుకునే పద్ధతి స్థిరపడింది. మధ్యాహ్న భోజనం రుచి చూడటం, మరుగుదొడ్లు గమనించడం, బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లడం, పనుల బిల్లుల మీద సంతకం పెట్టడం, అన్నీ ఆ ముగ్గురేసి మందివే.

ఇప్పుడు మళ్లీ క్యాంప్‌బెల్ జిల్లాకు వద్దాం. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953లో ఆంధ్రరాష్ట్రంలోకి వచ్చాయి. ఆదోని చుట్టుపక్కల కోసిగి, కౌతాళం లాంటి మండలాల నుంచి ఏటా వందల కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు పోతాయి, సంక్రాంతి దాటాక ఊళ్లు సగం ఖాళీ. పాలమూరు జిల్లా వలసలూ తెలిసినవే. మారిపోయే పిల్లవాడి సంగతి చట్టం పట్టించుకుంది: వేరే బడికి పోతానంటే టీసీ వెంటనే ఇవ్వాలని 5వ సెక్షన్ చెబుతుంది, ఆలస్యం చేసిన హెడ్మాస్టరు మీద చర్యకు వీలుంది. తల్లి మోస్తున్న కమిటీ పని ఎవరికి అప్పగించాలో మాత్రం ఆ చట్టంలో లేదు. పైగా సుగ్గికి, అంటే కోతపనుల వలసకు, పోయేవాళ్లు టీసీ తీసుకోరు. పిల్లవాడి పేరు హాజరుపట్టీలో ఉంటుంది, అమ్మ పేరు కమిటీ పట్టికలో ఉంటుంది, మనుషులు మిరప చేలో ఉంటారు. ఖాళీ అయిందని ఎన్నిక పెట్టలేరు, ఉందని పని చేయించుకోలేరు.

హెడ్మాస్టరు చూసుకోలేడా అంటారు. చూసుకుంటున్నాడు కూడా. కాని కమిటీ ఉన్నదే ఆయన్ని అడగడానికి. అడిగేవాళ్ల పనీ ఆయనే చేస్తే అది సంతకాల పుస్తకమై కూర్చుంటుంది. తెలంగాణ 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, గ్రామైక్య సంఘం అధ్యక్షురాలిని వాటికి పెద్దను చేసింది. వలసల దృష్టితో చూస్తే అందులో బలముంది, సంఘం ఊళ్లో పాతుకుపోయి ఉంటుంది కనుక. లోపమూ ఉంది. తన బిడ్డ తినే అన్నం రుచి చూసే తల్లికి ఉండే పట్టుదల పదవిని బట్టి రాదు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. తల్లిదండ్రులు వలసపోతే పిల్లలు సీజనల్ హాస్టల్లోనో, అవ్వ దగ్గరో ఉండిపోతున్నారు. సంరక్షకులు అన్న మాట చట్టంలోనే ఉంది కాబట్టి ఆ అవ్వ కమిటీలో కూర్చోవడానికి అడ్డు లేదు. రెండేళ్లకోసారి మీ ఊరి బడిలో ఎన్నిక జరిగినప్పుడు, తరగతికి ముగ్గురిలో ఒకరైనా సుగ్గికి పోని ఇంటివారో, ఊళ్లో ఉండే అవ్వాతాతలో అయ్యేలా చూడండి. మూటాముల్లె సర్దుకునే తల్లి తన పని ఎవరికి అప్పగించిందో మినిట్స్ పుస్తకంలో ఒక వరుస రాయించండి.