మేఘనాద్ సాహా చిత్రపటం: గోడ మీద ఉన్నదీ, లేనిదీ

బడి గోడ మీది శాస్త్రవేత్తల చార్టు, ఉత్తరం మీది తపాలా బిళ్ల వంటి అచ్చు బొమ్మలు సైన్సును సామాన్యుల ఇళ్లదాకా తెచ్చాయి. మేఘనాద్ సాహా (1893–1956) బొమ్మతో తపాలా శాఖ 1993లో బిళ్ల విడుదల చేసింది. నక్షత్రాల వర్ణపటం నుంచి వాటి ఉష్ణోగ్రతను లెక్కగట్టే దారి చూపిన అయనీకరణ సమీకరణం (1920) ఆయనదే. ఆయన ఢాకా దగ్గరి పల్లెలో చిన్న దుకాణదారు ఇంట పుట్టారు. కలకత్తాలో చదివేటప్పుడు, కింది కులంవాడని హాస్టల్ విద్యార్థులు ఆయన్ని తమతో కలిసి భోజనం చేయనివ్వలేదు. 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

మేము చూసిన చార్టుల్లో సమీకరణం ఉంది, కులం చేసిన అవమానం లేదు. సైన్స్ డేకి పటం కట్టేటప్పుడు రెండూ రాయండి. హాస్టల్ పిల్లలకు ఆ రెండో వాక్యమే ముందు అర్థమవుతుంది.