తీగ మీది మాట నుంచి జేబులోని మాట దాకా



ఈ ప్రత్యేక సంచికకు మన శాఖ చరిత్రలో ఏదైనా ఒక అంశం రాయమని కార్యవర్గం వారు కోరారు. కర్నూలు, కడప ఎక్స్ఛేంజీల్లో పనిచేసినవాడిగా, మనమంతా జీవితకాలం మోసిన సరుకును గురించే రాస్తున్నాను. అది మనిషి మాట.

నేడు మన మనుమలు పెద్ద వీడియోలో బొమ్మ తీసివేసి, మాటను మాత్రం చిన్న ఫైలుగా మార్చి సెల్‌ఫోనులో పెట్టి ఇస్తున్నారు. ఇది కొత్త విద్య అనిపిస్తుంది. కాని దీని మూలం మన ట్రంకు లైన్లలోనే ఉంది.

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వింటుంది. టెలిఫోను 300 నుంచి 3,400 వరకే పంపేది. మాట అర్థం కావడానికి అంత చాలు. అందుచేతనే క్యారియర్ పద్ధతిలో ఒక్కొక్క సంభాషణకు 4,000 హెర్ట్జ్‌ల వంతు ఇచ్చి, ఒకే లైను మీద పలువురిని మాట్లాడించగలిగాం. కె.సి. కాలువ కింద వంతు నీటి విలువ తెలిసిన మనవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

1937లో అలెక్ రీవ్స్ అనే ఆంగ్లేయ ఇంజనీరు మాటను అంకెలుగా మార్చే పద్ధతి కనిపెట్టారు. తరువాత స్థిరపడిన లెక్క ప్రకారం మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతకు 8 బిట్లు ఇస్తారు. వెరసి 64,000 బిట్లు. 1984లో ఏర్పడిన సీ-డాట్ వారి గ్రామీణ ఎక్స్ఛేంజీలు ఈ పద్ధతివే. ఏసీ లేకుండా పనిచేసేవి కనుక మన సీమ ఎండలకు తగినవి.

సెల్‌ఫోనుకు గాలిలో అంత చోటు లేదు. అక్కడ మన దేశస్థుని కృషి ఉపకరించింది. కాన్పూరులో పుట్టి, బెంగుళూరులో కూడా చదివిన బిష్ణు అటల్ గారు అమెరికాలో బెల్ లేబొరేటరీలో పనిచేస్తూ, గడిచిన ధ్వనిని బట్టి రాబోయే ధ్వనిని ఊహించే పద్ధతిని వృద్ధి చేశారు. గొంతు, నోరు ఒక గొట్టం వంటివి. ధ్వనినంతా పంపకుండా ఆ గొట్టం ఆకారాన్ని, లోపలి నుంచి వచ్చే ఊపును మాత్రమే పంపితే చాలు. అవతలి యంత్రం మాటను తిరిగి తయారు చేసుకుంటుంది. 1985లో ఆయన, ష్రోడర్ గారు కలసి ప్రకటించిన పద్ధతి నుంచే 1999లో ఏఎంఆర్ అనే ప్రమాణం వచ్చింది. ఇది మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా చేసి, సెకనుకు 12,200 నుంచి 4,750 బిట్లలో ఇముడుస్తుంది. సీడీలో గంటకు దాదాపు 635 మెగాబైట్లు పట్టే ధ్వని, ఇందులో అయిదున్నర మెగాబైట్లకు లోపే!

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. ఈ లెక్క ఒక గొంతు మాటకు కట్టినది. తంబూర, మృదంగం, పలువురు కలిసి పాడే భజన దీనికి అందవు. మా అమ్మగారు పాడిన సువ్విపాటల క్యాసెట్టును ఇలా మార్పించగా, పాట మాటలు తెలిశాయి గాని రోకటి దెబ్బ తడిపి బాదినట్లయింది. ఒకసారి పోయిన ధ్వనిని ఏ యంత్రమూ తిరిగి తేలేదు. చిన్న ఫైలును మళ్లీ మరో చిన్న ఫైలుగా మారిస్తే నష్టం ఇంకా పెరుగుతుంది.

మన ఇళ్లలో పెద్దల మాటలు, కడప ఆకాశవాణి నుంచి పట్టుకున్న కార్యక్రమాలు క్యాసెట్లలో ఉన్నాయి. ఫోనులోకి వచ్చింది కదా అని వాటిని పిల్లలు చెత్తలో వేస్తున్నారు. దయచేసి ముందుగా కుదించని పూర్తి ప్రతిని తీయించి, రెండు చోట్ల భద్రపరచండి. ఆ తరువాతే ఫోనుకు చిన్న ప్రతి చేయించుకోండి. అసలు క్యాసెట్టును ఎండ తగలని చోట ఉంచండి.

ఊరి మాటను ఊరు దాటించిన మనమే, ఇంటి మాటను పోగొట్టుకోరాదని సభ్యులందరికీ నా మనవి.