నిద్ర, దేహోష్ణత, అభ్యసనం: క్రెయిగ్ హెల్లర్ పరిశోధనల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
నిద్ర, దేహోష్ణత, అభ్యసన శక్తి చాలాకాలం వేర్వేరు అధ్యయన విషయాలుగానే ఉన్నాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ జీవశాస్త్ర ఆచార్యులు హెచ్. క్రెయిగ్ హెల్లర్ కృషిలో ఇవి ఒకే పరిశోధనా క్రమంలో చోటుచేసుకున్నాయి. ఆ క్రమాన్ని, అభ్యసన వైకల్యం గురించి అది లేవనెత్తిన ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

నిద్రలో ఉష్ణ నియంత్రణ:
క్షీరదాల మెదడులోని హైపోథాలమస్ దేహోష్ణతను అదుపులో ఉంచుతుంది. 1970వ దశకంలో హెల్లర్, స్టీవెన్ గ్లాట్జ్‌బాక్ కంగారూ ఎలుకలలో ఆ భాగాన్ని చల్లబరచి, వేడిచేసి, శరీర స్పందనను కొలిచారు. 1976లో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం, మెలకువలో కనిపించే స్పందన నిద్రలో తగ్గింది; కనుగుడ్లు వేగంగా కదిలే రెమ్ నిద్రలో అది లోపించింది. నిద్ర పట్టినప్పుడు మెదడు నియంత్రణ విధానమే మారుతుందని దీనివల్ల తెలిసింది. మెలకువలో తరిగిపోయిన మెదడు శక్తినిల్వలను పునరుద్ధరించడమే నిద్ర ప్రయోజనమని 1995లో జోయెల్ బెనింగ్టన్‌తో కలిసి హెల్లర్ ప్రతిపాదించారు.

అభ్యసనం - నిరోధం:
గాబా అనే రసాయనం నాడీకణాల ఉత్తేజాన్ని నిరోధించి మెదడులో సమతౌల్యాన్ని కాపాడుతుంది. ఈ నిరోధం మితిమీరితే నేర్చుకోవడం కుంటుపడుతుంది. 21వ క్రోమోజోము అదనంగా ఉండటం డౌన్ సిండ్రోమ్‌కు కారణమని 1959లోనే వెల్లడైంది. ఆ స్థితికి నమూనాగా పెంచిన చిట్టెలుకలకు స్టాన్‌ఫర్డ్‌లోనే క్రెయిగ్ గార్నర్ బృందం గాబాను అడ్డుకొనే పెంటిలీన్‌టెట్రజోల్‌ను స్వల్ప మోతాదులో ఇచ్చింది. వాటి జ్ఞాపకశక్తి మెరుగుపడిందని, మందు ఆపిన తరువాత కూడా ఆ మెరుగుదల నిలిచిందని 2007లో ప్రకటించింది.

2008లో నార్మన్ రూబీ, హెల్లర్ తదితరులు దినచర్యా లయ కోల్పోయిన సైబీరియా హామ్‌స్టర్లను పరిశీలించారు. అవి చూసిన వస్తువులను గుర్తుంచుకోలేకపోయాయి. ఇదే మందు ఇచ్చినప్పుడు లయ తిరిగి రాకపోయినా జ్ఞాపకం తిరిగివచ్చింది. నిద్రాలయకు, అభ్యసనానికి మధ్య నిరోధం ఒక వారధి అని ఈ ఫలితం సూచించింది. 2013లో హెల్లర్, గార్నర్ బృందాలు చిట్టెలుకలపై చేసిన ఉమ్మడి అధ్యయనం మరొక విషయాన్ని జోడించింది. చిట్టెలుకలు ఎక్కువగా నిద్రించే పగటివేళ ఇచ్చినప్పుడే మందు ఫలించింది, రాత్రివేళ ఫలించలేదు.

ముగింపు:
ఈ ఫలితాలను చికిత్సగా భావించరాదు. పెంటిలీన్‌టెట్రజోల్ అధిక మోతాదులో మూర్ఛ కలిగిస్తుంది. అమెరికాలో దాని అనుమతి 1982లో రద్దయింది. గాబా నిరోధాన్ని తగ్గించే మరో మందు బాస్మిసానిల్, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిపై జరిపిన పరీక్షలో ఆశించిన ప్రయోజనం చూపలేదని 2016లో తేలింది. చిట్టెలుక నుంచి మనిషికి దూరం ఎంతో ఉందని ఈ అనుభవం నిరూపించింది.

అయినా ఈ పరిశోధనా చరిత్ర ఒక భావనను మార్చింది. తెలుగులో చాలాకాలం వాడుకలో ఉన్న 'బుద్ధిమాంద్యం' అనే పదం లోపాన్ని వ్యక్తి బుద్ధిలోనే, మార్పులేనిదిగా చూస్తుంది. నేర్చుకోలేకపోవడం వెనుక శక్తి లేకపోవడమే కాక, ఉన్న శక్తి నిరోధానికి గురికావడం కూడా కారణం కావచ్చునని ఈ ప్రయోగాలు సూచిస్తున్నాయి. అందువల్ల పిల్లవాడి అభ్యసనాన్ని అంచనా వేసేటప్పుడు అతడి నిద్రను కూడా పరిగణనలోకి తీసుకోవడం సమంజసం.